కేస్‌షీట్‌లో "ముప్పు: తక్కువ / మధ్యస్థం / ఎక్కువ" గడి ఉంచాలా, తీసేయాలా?

మానసిక_ఓపీ:
ఆత్మహత్యాయత్నం తర్వాత వచ్చినవాళ్ళ కేస్‌షీట్‌లో ఈ గడి చాలాచోట్ల ఉంటుంది. పీజీ (స్పెషలిస్టు కోర్సు చదువుతున్న జూనియర్ డాక్టరు) టిక్ పెడతారు, అడ్మిషనా ఇంటికా అన్నది దాంతోనే తేలిపోతుంది. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఈ పద్ధతి వద్దని తెగేసి చెప్పింది. ఎవరు మళ్ళీ ప్రయత్నిస్తారో స్కోర్లతో, తక్కువ-ఎక్కువ వర్గాలతో అంచనా కట్టొద్దు, ఆ వర్గాన్ని చూసి ఎవరికి వైద్యం ఇవ్వాలో తేల్చొద్దు అని. మన ఆస్పత్రుల్లోనూ ఆ గడి తీసేయాలంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

క్యాజువాల్టీ_డ్యూటీ:
నేను కాదంటాను సార్. రాత్రి రెండింటికి ముగ్గురు పేషెంట్లు, ఒక డ్యూటీ డాక్టరు, పక్కన కూర్చోబెట్టడానికి ఒకే మనిషి. ఎవరి పక్కన కూర్చోబెట్టాలి? ఏదో ఒక వరస పెట్టక తప్పదు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే కొలంబియా స్కేలు స్క్రీనింగులో ఆరే ప్రశ్నలు. శిక్షణ ఉంటే స్టాఫ్‌నర్సు కూడా అడగొచ్చు. అది కూడా లేకపోతే కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్ "ఇప్పుడు బానే ఉన్నావు కదా?" అని అడిగి, పేషెంటు తలూపగానే ఇంటికి పంపేస్తాడు. తర్వాత ఏదైనా జరిగితే మొదట అడిగేది "అసలు అసెస్ చేశారా?" అనే.

మానసిక_ఓపీ:
అడగొద్దని నేననలేదు సార్. అడిగాక వేసే ముద్ర మీదే నా గొడవ. లెక్క చూడండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరిన 4,800 మంది మానసిక రోగుల మీద పొకోర్నీ చేసిన అధ్యయనం 1983లో వచ్చింది. వాళ్ళలో 803 మందిని ముప్పు ఎక్కువున్నవాళ్ళుగా గుర్తించారు. తర్వాత ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు మొత్తం 67 మంది. అందులో 30 మందే ఆ 803లో ఉన్నారు, మిగతా 37 మంది "ముప్పు లేదు" అన్న గుంపులోంచే పోయారు. ఎక్కువ ముద్ర పడ్డవాళ్ళలో వందకు 96 మంది ఆత్మహత్య చేసుకోలేదు. 2017లో ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్ళ పరిశోధన, 365 అధ్యయనాలు కలిపి చూసింది. అంచనా బొమ్మాబొరుసు కంటే కాస్త మెరుగు, అంతే.

తప్పు స్కేలుది కాదు, సంఖ్యలది. వెయ్యి మందిలో ఏడాదికి ఐదుగురు చనిపోతారనుకుందాం. ఐదుగురిలో నలుగురిని పట్టుకుని, మిగతావాళ్ళలో నూటికి ఎనభై మందిని సరిగ్గా వదిలేసే స్కేలు ఉందనుకోండి, అది చాలా మంచి స్కేలే. అయినా "ఎక్కువ" గడిలో 203 మంది పడతారు, అందులో చనిపోయేది నలుగురు. అరుదైన ఘటనను ఏ స్కోరుతో వెతికినా ఇదే గతి.

సైకాలజిస్టు_గుంటూరు:
ఇక్కడ రెండు పనులు కలిసిపోతున్నాయి. ప్రశ్నలు అడగడం ఒకటి, జవాబులు కూడి మార్కు వేయడం ఇంకొకటి. మొదటిది కావాలి, రెండోది అక్కర్లేదు.

అడగడంలోనే మన దగ్గర ఎక్కువ పొరపాటు జరుగుతోంది. "సూసైడల్ ఐడియేషన్ (ఆత్మహత్య ఆలోచన) ఉందా?" అని అటెండెంటును, అంటే తోడు వచ్చిన మనిషిని అడిగి "లేదు" అని రాసేస్తారు. లేదంటే "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటారు. ఆ ప్రశ్నకు "లేదు" తప్ప ఇంకేం వస్తుంది? అటెండెంటును బయటికి పంపి, పేషెంటు మాటల్లోనే మెట్టుమెట్టుగా అడగాలి. "పడుకుంటే మళ్ళీ లేవకుండా పోతే బాగుండు అనిపించిందా?" "ప్రాణం తీసుకోవాలని అనిపించిందా?" "ఎలా అన్నది కూడా ఆలోచించావా?" "చేసేద్దాం అన్నంతవరకు వెళ్ళావా?" "దానికోసం ఏమైనా సిద్ధం చేసుకున్నావా?" చివరగా ఇదివరకు చేసిన ప్రయత్నాలు, ముఖ్యంగా గత మూడు నెలల్లోవి. "నావల్ల ఇంట్లోవాళ్ళకి భారం" అన్న మాట వస్తే అక్కడ ఆగి ఇంకా వినాలి.

అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం పెద్ద డాక్టర్లలోనూ చూస్తాం. న్యూయార్క్ హైస్కూళ్ళలో రెండు వేలకు పైగా పిల్లలతో చేసి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, అడిగినందువల్ల బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు ఊరట దొరికిన సూచనే కనిపించింది.

స్టాఫ్‌నర్సు_మేల్‌వార్డు:
గడి తీసేస్తే దాని స్థానంలో ఏం రాస్తారో చెప్పండి సార్. నైట్‌డ్యూటీకి వచ్చిన నర్సుకు ఆ గడి ఒక్కటే కనిపిస్తుంది. "తక్కువ" అని ఉంటే ఆ మంచం వైపు రౌండ్లు తగ్గుతాయి. ఆ టిక్ నాలుగు రోజుల కిందటిది కావచ్చు. నిన్న సాయంత్రం అప్పులవాళ్ళ ఫోన్ వచ్చి మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉండొచ్చు. ముప్పు బీపీలాగే పూటపూటకీ మారుతుంది. మాకు కావలసింది ముద్ర కాదు, ఆర్డరు: ఎన్ని నిమిషాలకోసారి చూడాలి, బాత్‌రూమ్‌కి ఎవరు తోడు వెళ్ళాలి, మళ్ళీ ఎన్నింటికి ఎవరొచ్చి మార్చాలి.

ఇంకోటి, డిశ్చార్జి. ఆస్పత్రి నుంచి వెళ్ళిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం. అప్పుడే నెలకు సరిపడా మాత్రలు చేతికిచ్చి "నెల తర్వాత రండి" అంటాం. వారానికి సరిపడా ఇచ్చి, అవి కూడా ఇంట్లో ఇంకొకరి చేతికిస్తే చేతిలో ఒకేసారి ఎక్కువ మాత్రలు ఉండవు, రెండో వారమే మళ్ళీ చూపించుకోవడానికి రావలసి ఉంటుంది.

పీఎస్‌డబ్ల్యూ_ఖమ్మం:
సిస్టర్ చెప్పినదానికి ఆధారం మన పక్కనే ఉంది. డబ్ల్యూహెచ్‌ఓ చేయించి 2008లో ప్రచురించిన ప్రయోగంలో చెన్నై కూడా ఒక కేంద్రం. ఐదు దేశాల్లో ఆత్మహత్యాయత్నం చేసి క్యాజువాల్టీకి వచ్చిన 1,867 మందిలో సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా డిశ్చార్జి దగ్గర గంటసేపు మాటలు, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనో, ఇంటికి వెళ్ళడమో. మొదటి ఐదు పలకరింపులు 1, 2, 4, 7, 11 వారాలకు. మామూలు వైద్యం పొందినవాళ్ళలో ఆత్మహత్య మరణాలు 2.2 శాతం, పలకరించినవాళ్ళలో 0.2 శాతం. ముప్పు తక్కువా ఎక్కువా అని చూడకుండా అందరినీ పలకరించారు. నన్ను గడికి వ్యతిరేకంగా నిలబెట్టేది ఇదే: "తక్కువ" అని రాసినవాళ్ళకు మనం ఆ ఫోన్ కూడా చేయం.

ఇంట్లోవాళ్ళు చేసేది ఒట్టు వేయించుకోవడం. "నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్, ఇంకెప్పుడూ చేయనని" అంటుంది తల్లి. కొన్ని ఆస్పత్రులు అదే పని కాగితం మీద సంతకంతో చేయిస్తాయి. దానివల్ల కాపాడినట్టు ఆధారం లేదు, పైగా మళ్ళీ ఆలోచన వస్తే ఒట్టు తప్పానని దాచుకుంటారు. దాని బదులు స్టాన్లీ, బ్రౌన్‌ల సేఫ్టీ ప్లాన్ రాయించండి. ఆరు మెట్లు: ఆలోచన మొదలవుతుందని తెలిపే గుర్తులు, ఒంటరిగా ఉన్నప్పుడు చేసుకోగలిగేవి, మనసు మళ్ళించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన మనిషి, ఆస్పత్రి నంబరుతో పాటు ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలీ మానస్ 14416 నంబరు, చివరికి ఇంటిని భద్రంగా ఉంచడం. పేషెంటు మాటల్లోనే, వాళ్ళ చేతిరాతతోనే. "ధ్యానం చేస్తాను" అని మనం రాసిపెడితే పనికిరాదు. "వెనకింటి మామయ్య దగ్గరికెళ్ళి టీ తాగుతా" అని వాళ్ళు రాస్తే పనికొస్తుంది.

ఆరో మెట్టు పల్లెల్లో తప్పుగా చేస్తున్నాం. "పురుగుమందు తాళం వేసి పెట్టండి" అని చెప్పి ఊరుకుంటాం. శ్రీలంకలో 53 వేలకు పైగా ఇళ్ళను తీసుకుని, సగం ఊళ్ళకు తాళం పెట్టెలిచ్చి మూడేళ్ళు చూస్తే తేడా రాలేదని 2017లో తేలింది. ఆ దేశంలో మరణాలు తగ్గించింది అతి విషపూరితమైన మందులపై నిషేధాలు. నిషేధం మన చేతిలో లేదు, కాబట్టి ఆ ఇంట మందు మిగలకుండా చూడాలి. కొట్టేరోజే తెచ్చుకోవడం, మిగిలింది అన్నదమ్ముల ఇంటికి చేర్చడం. ఎవరు, ఏ రోజు తీసుకెళ్తారో పేరుతో రాయండి.

క్యాజువాల్టీ_డ్యూటీ:
ముద్రకంటే ఆర్డరు మేలన్నది ఒప్పుకుంటున్నాను. స్క్రీనింగ్ ప్రశ్నలు మాత్రం వదలను. గడి బదులు ఖాళీ జాగా ఇస్తే సగం మంది దాన్ని ఖాళీగానే వదిలేస్తారు. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు) సంగతి కూడా ఉంది. పోలీసుల భయంతో "పురుగుమందు పొరపాటున తాగాడు" అంటారు, దాంతో మొత్తం అసెస్‌మెంటే తప్పుదారి పడుతుంది.

పీఎస్‌డబ్ల్యూ_ఖమ్మం:
ఆ భయం తీసేమాట ముందే చెప్పాలి సార్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి విషయంలో బలవంతపెట్టడానికో, అడ్డుకోవడానికో చేసే ప్రయత్నం మాత్రమే 226వ సెక్షన్ కింద మిగిలింది. ఎంఎల్‌సీ రాస్తాం, కేసు పెట్టినట్టు కాదు అని విడదీసి చెబితే చాలామంది నోరు విప్పుతారు.

మానసిక_ఓపీ:
ఖాళీ జాగా వద్దు, నాలుగు ప్రశ్నలు అచ్చువేయండి. ఈ మనిషికి మామూలుతో పోలిస్తే ఇవాళ ఏం మారింది? రాత్రిళ్ళు ఇంట్లో తోడెవరు? ఏది జరిగితే పరిస్థితి ఒక్కసారిగా తిరగబడుతుంది: ఇంటర్ ఫలితాలా, అప్పు వాయిదా తేదీయా, భార్య పుట్టింటి నుంచి రాకపోవడమా? మొదటి ఫోన్ ఎవరు, ఏ తేదీన చేస్తారు?

స్టాఫ్‌నర్సు_మేల్‌వార్డు:
నాలుగోదాని కింద రెండు నంబర్లకు చోటు పెట్టండి సార్. కేస్‌షీట్‌లో ఉండే నంబరు చాలాసార్లు ఆటోలో ఎక్కించుకొచ్చిన ఊరి మనిషిది. వారం తర్వాత దానికి చేస్తే "ఆయన మా ఇంట్లో లేడండీ" అంటారు. డిశ్చార్జి రోజు పేషెంటు సొంత నంబరు, ఇంట్లో ఒకరిది తీసుకుని, అక్కడే రింగిచ్చి మోగిందో లేదో చూసుకోవాలి.