స్టాండలోన్ వీఆర్ హెడ్‌సెట్‌తో ఫ్లైట్ సిమ్యులేటర్: అంకెలు మసకగా ఉన్నాయి, పక్క కిటికీ వైపు చూస్తే కుదుపులు

స్వర్ణముఖి (తిరుపతి)

మిత్రులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. తీరిక దొరికిన సాయంత్రాలలో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో సెస్నా 172 తీసుకుని, రేణిగుంట నుంచి బయలుదేరి, శేషాచలం కొండల అంచు వెంబడి ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే దిగడం నాకు ఎంతో ఇష్టం. మానిటర్ మీద చూస్తే కొండ ఎంత దగ్గరలో ఉందో, రన్‌వే ఎంత కింద ఉందో కంటికి సరిగా అందదు. ఆ లోతు తెలియాలనే కోరికతో ఈ మధ్య మెటా క్వెస్ట్ 3 కొన్నాను.

హెడ్‌సెట్ పెట్టుకోగానే ఆ కోరిక తీరింది. అయితే రెండు ఇబ్బందులు మిగిలిపోయాయి. మొదటిది, విమానంలోని జీ1000 అనే పరికరాల తెర మీది రేడియో ఫ్రీక్వెన్సీ అంకెలు మసకగా ఉండి, బాగా ముందుకు వంగితే తప్ప 3కూ 8కీ తేడా తెలియడం లేదు. రెండవది, ఎదురుగా చూస్తున్నంతసేపూ నిలకడగా ఉండే దృశ్యం, పక్క కిటికీలోంచి ఊరి వైపు తల తిప్పగానే ఆగి ఆగి కదులుతోంది.

నాది ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీ, ర్యామ్ 16 జీబీ. రూటర్ హాల్లో ఉంది, నేను కూర్చునేది లోపలి గదిలో. ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ రెండూ వైఫై మీదే నడుస్తున్నాయి. ఇంట్లో ఉన్నది 100 ఎంబీపీఎస్ కనెక్షన్. ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో కలిపినప్పుడు కుదుపులు కొంత తగ్గాయి కానీ అంకెలు అలాగే ఉన్నాయి. ఇంటర్నెట్ ప్లాన్ పెంచాలా, మంచి కేబుల్ కొనాలా, లేక ల్యాప్‌టాపే దీనికి చాలదా? డబ్బు ఖర్చు పెట్టేలోగా లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

నీవానది (చిత్తూరు)

సార్, నమస్కారం. ఇంటర్నెట్ ప్లాన్ పెంచనవసరం లేదు. ల్యాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్‌కు వెళ్లే బొమ్మ మీ ఇంటి రూటర్ దాటి బయటికి పోదు. నేలకు సంబంధించిన ఉపగ్రహ చిత్రాలను సిమ్యులేటర్ తెప్పించుకోవడానికే ఇంటర్నెట్ కావాలి, దానికి మీ కనెక్షన్ సరిపోతుంది.

మీరు భౌతికశాస్త్రం చెప్పేవారు కనుక లెక్కతోనే మొదలుపెడతాను. క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064 × 2208 పిక్సెళ్లు ఉంటాయి. రెండు కళ్లకూ కలిపితే 91 లక్షలు దాటుతుంది, అంటే ఒక 4కే మానిటర్ కంటే ఎక్కువ. పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున, సెకనుకు 72 సార్లు పంపాలంటే దాదాపు 15.7 గిగాబిట్లు అవసరం. ఈ హెడ్‌సెట్‌కు మానిటర్‌కు ఉన్నట్టు హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ లేదు. ఉన్న దారులు యూఎస్‌బీ, వైఫై మాత్రమే. మామూలు యూఎస్‌బీ 3 పోర్టు వేగం 5 గిగాబిట్లు. అందువల్ల గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమునూ వీడియోలాగా కుదించి పంపుతుంది, హెడ్‌సెట్‌లోని చిప్ దాన్ని విప్పి చూపిస్తుంది. వైఫై మీద 200 ఎంబీపీఎస్‌తో నడుపుతున్నామంటే అసలు బొమ్మను దాదాపు ఎనభయ్యో వంతుకు కుదించామన్నమాట. ఈ కుదింపులో ముందుగా దెబ్బతినేవి సన్నని గీతలు, చిన్న అంకెలు. మీ మొదటి ఇబ్బందికి సగం కారణం ఇదే.

మిగిలిన సగం రిజల్యూషన్‌లో ఉంది. కటకాల వంపును సరిచేయడానికి బొమ్మను ముందే ఎదురు దిశలో వంచవలసి వస్తుంది కనుక, తెర మధ్య భాగం స్పష్టంగా కనబడాలంటే ప్యానెల్ కొలతకు ఒక్కో దిక్కున సుమారు 1.3 నుంచి 1.4 రెట్లు పెద్దదిగా గీయించాలి. చిక్కేమిటంటే, ఈ కొలతను మార్చే మీటలు, హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌కు కలిపే మెటా లింక్ యాప్‌లో ఒకటి, స్టీమ్ వీఆర్ అనే మరో వీఆర్ సాఫ్ట్‌వేర్ వాడితే అందులో ఇంకొకటి, సిమ్యులేటర్‌లో రెండర్ స్కేలింగ్ అనే మరొకటి ఉన్నాయి. ఒకదాని ప్రభావం మీద మరొకటి గుణింతమవుతుంది. మీరు యాప్‌లో పెంచి సిమ్యులేటర్‌లో 60 శాతం పెట్టి ఉంటే పెంచినదంతా వృథా అయినట్టే. సిమ్యులేటర్‌లో 100 దగ్గర ఉంచి, సర్దుబాటు మొత్తం యాప్‌లోనే చేయడం మంచిది. అలాగే తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ పెట్టి ఉంటే, ఒకసారి అంచులను నునుపు మాత్రమే చేసే టీఏఏకు మార్చి చూడండి. డీఎల్ఎస్ఎస్ కార్డుకు విశ్రాంతినిస్తుంది గానీ జీ1000 అంకెల వెనుక నీడలాంటి చారను వదులుతుంది.

ఇంకో సంగతి. సిమ్యులేటర్ హెడ్‌సెట్‌తో మాట్లాడేది ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే వ్యవస్థ ద్వారా. మీరు మెటా లింక్‌తో కలుపుతుంటే ఓపెన్‌ఎక్స్‌ఆర్ రన్‌టైమ్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా మెటాదే ఉండాలి. స్టీమ్ వీఆర్ ఎప్పుడో తనను తాను ప్రధానంగా నమోదు చేసుకుని ఉంటే, మధ్యలో ఒక అనవసరపు పొర చేరి కార్డు మీద భారం పెరుగుతుంది. లింక్ యాప్ సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో దీన్ని సరిచేసే మీట ఉంటుంది.

ఇక కుదుపుల విషయం. 72 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేముకు 13.9 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. తిరుమలలో కంపార్ట్‌మెంటు గేటు మూసిన మరుక్షణం చేరినవాళ్లు మళ్లీ గేటు తీసేదాకా కూర్చోవలసిందే కదా; అలాగే 15 మిల్లీసెకన్లకు తయారైన ఫ్రేము 27.8 వరకూ ఆగవలసిందే. అందుకే సెకనుకు 50 ఫ్రేములు వచ్చే కంప్యూటర్ కంటే, 36 దగ్గర కచ్చితంగా నిలబడే కంప్యూటర్ కంటికి హాయిగా ఉంటుంది. లింక్ యాప్‌తో పాటు వచ్చే ఓక్యులస్ డయాగ్నస్టిక్స్ ఫోల్డరులోని డీబగ్ టూల్‌లో ఏఎస్‌డబ్ల్యూను సగానికి బిగిస్తే, సిమ్యులేటర్ 36 ఫ్రేములు గీస్తుంది, మధ్యవాటిని సాఫ్ట్‌వేర్ అల్లుతుంది. సెస్నా వేగానికి ఇది చాలు. మీ ల్యాప్‌టాప్‌కు 90, 120 హెర్ట్జ్‌ల ఆశ వద్దు.

ముందుగా రెండు కొలతలు తీసి ఇక్కడ రాయండి. సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ తెరిచి ఫ్రేముల పట్టికను చూపించమంటే, హెడ్‌సెట్ నడుస్తుండగా మానిటర్ మీద ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని గానీ ‘లిమిటెడ్ బై జీపీయూ’ అని గానీ కనిపిస్తుంది. రెండవది, ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలిపి, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి.

రన్‌వే_వాసి (రేణిగుంట)

నీవానది అన్న చెప్పిన లెక్కతో ఏకీభవిస్తున్నాను, ఒక్క కేబుల్ విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిది. ఫ్లైట్ సిమ్యులేటర్‌కు యూఎస్‌బీ తీగే సరైన దారి. మనం కుర్చీలో కూర్చునే ఉంటాం, లేచి తిరిగే పని లేదు, తీగ అడ్డు వచ్చేది లేదు. సార్ వాడిన ఫోన్ కేబుల్ చాలావరకు యూఎస్‌బీ 2 రకమే అయి ఉంటుంది. దానికి పైకి చెప్పే వేగమే 480 ఎంబీపీఎస్ కనుక, డీబగ్ టూల్‌లో ఎన్‌కోడ్ బిట్‌రేట్‌ను (కుదించిన బొమ్మను పంపే వేగాన్ని) 200 ఎంబీపీఎస్ దాటించడం ప్రమాదం. డేటాకు పనికివచ్చే యూఎస్‌బీ 3 కేబుల్ తీసుకుని, ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టి, బిట్‌రేట్‌ను 400 దగ్గర ఉంచితే అంకెల అంచులు తేటపడతాయి. కొనేటప్పుడు పొడవు ఒక్కటే చూడకుండా, 5 జీబీపీఎస్ డేటా అని ప్యాకెట్ మీద రాసి ఉందో లేదో చూడండి. మన ఊళ్లలో దుకాణాలలో దొరికే పొడవాటి టైప్-సీ కేబుళ్లలో ఎక్కువ భాగం ఛార్జింగ్ కోసం తయారైనవే.

వైఫైయే కావాలనుకుంటే, రెండూ గాలిలో ఉండడం మాత్రం వద్దు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి హెడ్‌సెట్‌కు ఇంకోసారి, ఒకే ఛానల్ మీద ప్రతి ఫ్రేమూ రెండు ప్రయాణాలు చేయవలసి వస్తుంది. ల్యాప్‌టాప్ తీగతో, హెడ్‌సెట్ ఒక్కటే 5 గిగాహెర్ట్జ్ వైఫైతో, అదీ రూటర్ ఉన్న గదిలోనే ఉండాలి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటాయి, రూటర్ మాత్రం ఆరిపోతుంది. విమానం నేలకు దగ్గరగా ఉండగా దృశ్యం మాయమవడం ఎంత చికాకో వేసవిలో తెలుస్తుంది. రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

స్వర్ణముఖి (తిరుపతి)

ఇద్దరికీ ధన్యవాదాలు. కొలతలు తీశాను. ఓపెన్‌ఎక్స్‌ఆర్ రన్‌టైమ్ స్టీమ్ వీఆర్ పేరుతో ఉంది, మెటాకు మార్చాను. లింక్ స్పీడ్ 100/100 ఎంబీపీఎస్ అని చూపించింది, రూటర్ డబ్బా మీద మాత్రం గిగాబిట్ అని రాసి ఉంది. రేణిగుంట మీద ఎగురుతుంటే ‘లిమిటెడ్ బై జీపీయూ’ అని వస్తోంది. తిరుపతి ఊరి వైపు తిరగగానే అది ‘మెయిన్‌థ్రెడ్’ అని మారుతోంది. అంకెలు ఇప్పటికే కొంత నయం. అరగంట దాటితే తల తిరుగుతున్నట్టు ఉంటోంది, ముఖ్యంగా రన్‌వే దాకా విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు. నేను కళ్లద్దాలు వాడతాను, దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

హార్స్‌లీ_గాలి (మదనపల్లె)

కళ్లద్దాలతో వాడవచ్చు సార్, కానీ అద్దం హెడ్‌సెట్ కటకాన్ని తాకకుండా చూసుకోవాలి. క్వెస్ట్ 3లో ముఖానికి ఆనే మెత్తను కాస్త ముందుకు జరిపే ఏర్పాటు ఉంది, దాన్ని వాడండి. గీత పడితే కటకాన్ని మార్చుకునే వీలుండదు. ఎక్కువ కాలం వాడే ఉద్దేశం ఉంటే మీ పవర్‌కు తగిన, హెడ్‌సెట్ లోపల అమర్చే ఇన్‌సర్టు కటకాలు చేయించుకోవడం మేలు. ఆ తరువాత హెడ్‌సెట్ కింద ఉన్న చక్రం తిప్పి, కంటిపాపల మధ్య దూరానికి సరిపెట్టండి. కళ్లద్దాల చీటీలో పీడీ అని రాసే అంకె అదే. ఇది రెండు మూడు మిల్లీమీటర్లు తప్పినా అంకెలు మసకబారుతాయి, కళ్లు లాగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా దానికి మందు దొరకదు.

తల తిరగడానికి కారణం, కళ్లు మలుపును చూస్తుంటే చెవి లోపలి భాగానికి ఆ మలుపు తెలియకపోవడం. గాలిలో కంటే ట్యాక్సీ చేసేటప్పుడు, అంటే నేల మీద నడిపేటప్పుడు, ఇది ఎక్కువగా ఉండడానికి, నేల దగ్గరగా ఉండి ప్రతి కదలికా స్పష్టంగా కనబడడమే కారణం. మొదటి రోజులలో రన్‌వే మీదనే విమానాన్ని పెట్టుకుని బయలుదేరండి. కెమెరా షేక్ ఆపేయండి, బయటి నుంచి విమానాన్ని చూపే దృశ్యానికి వెళ్లవద్దు. టేబుల్ ఫ్యాన్‌ను ఎదురుగా ఒకే చోట ఉంచితే ముఖానికి తగిలే గాలి మనం ఎటు తిరిగి ఉన్నామో శరీరానికి గుర్తుచేస్తూ ఉంటుంది. మన ఎండలకు చెమట పట్టి కటకాలు ఆవిరి కమ్మకుండానూ కాపాడుతుంది. వికారం మొదలవగానే ఆపేయాలి. పట్టుదలతో కొనసాగిస్తే మరునాడు హెడ్‌సెట్ చూడగానే అదే గుర్తొస్తుంది.

ఇంకొకటి తప్పనిసరిగా చెప్పాలి. హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన, బాల్కనీలో కటకాలు పైకి ఉండేలా ఎప్పుడూ పెట్టవద్దు. అవి భూతద్దాల్లా పనిచేసి ఎండను లోపలి తెర మీద ఒక చుక్క దగ్గర కేంద్రీకరిస్తాయి, కొద్దిసేపటిలోనే ఆ చోట మచ్చ పడిపోతుంది.

నీవానది (చిత్తూరు)

సార్, 100/100 అంటే మీ ల్యాన్ కేబుల్‌లోని నాలుగు జతల తీగలలో రెండు జతలే పనిచేస్తున్నాయని దాదాపుగా చెప్పవచ్చు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. పాత కేబుల్ తీసేసి క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ పెట్టండి, 1000/1000 అని మారితే వైఫై దారి బాగుపడినట్టే. అప్పటికీ మారకపోతే ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టే 100 రకమా అన్నది చూడండి. రన్‌వే_వాసి చెప్పినట్టు యూఎస్‌బీ 3 కేబుల్ వైపు వెళ్లేటట్లయితే ఈ ఖర్చూ అక్కరలేదు. మీ అవసరానికి నా ఓటూ కేబుల్‌కే.

‘మెయిన్‌థ్రెడ్’ అని వచ్చిన చోట రిజల్యూషన్ తగ్గించడం వల్ల ఉపయోగం లేదు, అక్కడ ఇరుక్కున్నది ప్రాసెసర్. వీఆర్ గ్రాఫిక్స్‌లో నేల ఎంత వివరంగా కనబడాలో చెప్పే టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను 100 లోపుకు దించండి, విమానాల, వాహనాల ట్రాఫిక్ తగ్గించండి, గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేటును మీడియంకు మార్చండి. జీపీయూ అని వచ్చే చోట మేఘాలు, నీడలు తగ్గించాలి. ఉపరితలాల మీద అతికించే బొమ్మలైన టెక్స్‌చర్లను అల్ట్రా నుంచి హైకి దించండి, ఎందుకంటే మీ కార్డులో ఉన్నది 8 జీబీ. అది నిండితే సరుకు ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వచ్చి, తల తిప్పిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంది. ఆఫ్ స్క్రీన్ టెరైన్ ప్రీ-కాషింగ్ అనే సెట్టింగ్ మాత్రం తగ్గించకూడదు, హైలో ఉంచండి. మనం చూడని దిక్కున ఉన్న నేలను కూడా ముందుగా సిద్ధం చేసేది అదే. మీరు పక్క కిటికీ వైపు తిరిగినప్పుడు ఆగడానికి చాలావరకు అది తక్కువలో ఉండడమే కారణమని నా అంచనా.

ఒక్కొక్కటీ మార్చి, ప్రతి మార్పు తరువాత అదే దారిలో, అదే వాతావరణంలో, రేణిగుంట నుంచి పడమర వైపు కొండ దాకా ఒకసారి ఎగిరి చూడండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు పెట్టే ఉండాలి, వెనుక భాగాన్ని కాస్త ఎత్తుగా ఉంచాలి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు కొలతలన్నీ తప్పుగా వస్తాయి. ఊరి మీద కూడా 36 దగ్గర నిలబడితే మీ ల్యాప్‌టాప్ చాలినట్టే. నిలబడకపోతే టెరైన్ విలువ ఎంత దగ్గర పెట్టారో ఇక్కడ రాయండి, అక్కడి నుంచి చూద్దాం.