నిదానం: మెల్లదనమా, మూలకారణమా?

ప్రశ్న (చిత్తూరు, కట్టమంచి)

గ్రూపులోని అందరికీ నమస్కారం. నేను తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా మనవడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అవ్వా, గేమ్ మరీ నిదానంగా పోతా ఉండాది, ల్యాప్‌టాప్ మార్చాల" అన్నాడు. ల్యాప్‌టాప్ సంగతి తర్వాత. నాకు ఆ మాట పట్టుకుంది.

మన వైపు నిదానం అంటే మెల్లగా, తొందర లేకుండా అని. "నిదానంగా పో నాయనా" అంటాం. "నిదానమే ప్రధానం" అన్నా అదే. సంస్కృతంలో మాత్రం నిదానం అంటే మూలకారణం. ఆ అర్థంలో ఈ మాటను ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా? ఈ రెండు అర్థాలకూ ఎక్కడైనా చుట్టరికం ఉందా? గేమ్ నిదానమైతే ల్యాప్‌టాప్ మార్చక తప్పదా అన్నది కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (తిరుపతి, ఆయుర్వేద వైద్యురాలు)

అమ్మా, మాకు అది రోజూ నోట్లో నలిగే మాట. ఆయుర్వేదంలో రోగనిదానం ఒక పాఠ్యవిషయం, ఇక్కడి శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలలో చదివేవాళ్ళూ దాన్ని దాటుకునే బయటికి వస్తారు. రోగాన్ని తెలుసుకోవడానికి ఐదు దారులు చెబుతారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. కారణం, ముందు కనిపించే సూచనలు, బయటపడ్డ లక్షణాలు, చికిత్స చేసి చూసే పరీక్ష, రోగం లోపల ముదిరిన క్రమం. బౌద్ధుల ద్వాదశ నిదానాల్లోనూ (దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పన్నెండు మెట్ల గొలుసు) నిదానం అంటే కారణమే.

ఈ ఐదింటిలో నాకు బాగా ఇష్టమైనది ఉపశయం. లక్షణాలు రెండు రోగాలకూ సరిపోయేలా ఉన్నప్పుడు ఒక మందో, ఒక పథ్యమో ఇచ్చి చూస్తాం. తగ్గితే రోగం ఫలానాదని తేలుతుంది. పెరిగితే అది కాదని తేలుతుంది. రెండు విధాలా తెలిసేది ఉంటుంది.

చుట్టరికం విషయంలో నా ఊహ చెబుతాను. కారణం వెతకాలంటే తొందర పనికిరాదు. కుదురుగా ఆలోచించేవాణ్ణి నిదానస్తుడు అంటాం కదా, ఆ కుదురులోంచే మెల్లదనం అనే అర్థం వచ్చి ఉంటుంది. కన్నడ, తమిళాల్లో కూడా ఈ మాట మెల్లదనానికి వాడతారు కాబట్టి, మూడు భాషలు కలిసే మన ప్రాంతంలో అది గట్టిగా నిలబడటం వింత కాదు.

జవాబు (పుత్తూరు)

ఒక చిన్న సవరణ. కొందరు ఒత్తు పెట్టి "నిధానంగా" అని రాస్తున్నారు. నిధానం వేరే మాట. దాచిపెట్టడం, నిధి అని దానికి అర్థం. మెల్లగా అన్నా, కారణం అన్నా ఒత్తు లేని ద రాయాలి.

జవాబు (తిరుపతి, బైరాగిపట్టెడ)

టీచరమ్మకు నమస్కారం. నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో హాస్టల్ పిల్లలే ఎక్కువ. అందరూ "అన్నా, ల్యాగ్" అంటారు. ఆ ఒక్క మాటతో నాకు ఏమీ తెలియదు. మీ మనవడు "నిదానం" అన్నాడు కాబట్టి కొంత నయం. ఎందుకో చెబుతాను.

తెరమీద బొమ్మ కదలడం అంటే సెకనుకు ఇన్ని ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, గీయడం. సెకనుకు 60 రావాలంటే ఒక్కో ఫ్రేముకు ఉండే గడువు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేమూ 40 మిల్లీసెకన్లు తీసుకుంటే సెకనుకు 25 మాత్రమే వస్తాయి, ఆట మొదటి నుంచి చివరిదాకా బరువుగా నడుస్తుంది. దీన్నే నేను నిదానం అంటాను.

రెండోది వేరు. అన్ని ఫ్రేములూ 16.7లో వస్తూ మధ్యలో ఒక్కటి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. ఆ సెకనులో మొత్తం 55 ఫ్రేములు వస్తాయి. లెక్క చూస్తే బాగానే ఉంది, కంటికి మాత్రం ఠక్కున ఆగి కదిలినట్టు తెలుస్తుంది. ఇంగ్లీషులో స్టటర్ అంటారు, నేను నత్తి అంటాను. "60 వస్తా ఉంది కదన్నా, మళ్ళీ ఇదేంది?" అని పిల్లలు అడిగేది దీని గురించే. సగటు చూస్తే ఇది దొరకదు, ఒక్కో ఫ్రేముకు ఎంత టైము పట్టిందో చూపే ఫ్రేమ్ టైమ్ గీత చూడాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాముతో వచ్చే రివా ట్యూనర్‌లో అది కనిపిస్తుంది. గీత సాఫీగా ఉంటే సరే, మధ్యలో మేకులు లేస్తే నత్తి.

మూడోది ఆలస్యం. బొమ్మ చక్కగా కదులుతుంది, కాల్చిన గుండు మాత్రం తగలదు. అది నెట్‌వర్క్ పని. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి దూరపు సర్వర్ అయితే కొంత ఆలస్యం తప్పదు. సర్వర్ దగ్గరిదే అయినా, సాయంత్రం హాస్టల్ వైఫై మీద అందరూ పడితే పింగ్, అంటే సర్వర్‌దాకా పోయి తిరిగి వచ్చే టైము, పెరుగుతుంది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొత్తది కొన్నా ఇది తగ్గదు, కేబుల్ వేసుకుంటే తగ్గొచ్చు.

ఇప్పుడు మేడమ్ చెప్పిన ఉపశయం. ఆ పేరు తెలియకుండానే మేము చేసే మొదటి పని అదే. గేమ్‌లో రిజల్యూషన్ 1920×1080 నుంచి 1280×720కి దించుతాం. గీయాల్సిన చుక్కలు 20 లక్షల పైనుంచి 9 లక్షల చిల్లరకు పడిపోతాయి. అప్పుడు ఫ్రేములు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉందని అర్థం. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోంది, లేదా ఎక్కడో ఒక హద్దు కట్టి ఉంది. హద్దు అంటే ఫ్రేములను తెర వేగానికి కట్టేసే వీ-సింక్ కావచ్చు, ఆటే పెట్టిన పరిమితి కావచ్చు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ పీసీలో 60 దాటదు. దానికి మందు వెతకడం దండగ.

నత్తికి ఉపశయం వేరు. తడబడిన చోటికే మళ్ళీ వెళ్ళి చూడాలి. మొదటిసారి ఆగి రెండోసారి సాఫీగా పోతే అది చాలావరకు షేడర్లు (రంగులు, వెలుగునీడలు ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవడం వల్లే. డ్రైవర్ అప్‌డేట్ చేశాక ఇది మళ్ళీ కొంతసేపు కనిపిస్తుంది, ఎందుకంటే దాచుకున్న షేడర్లు మళ్ళీ తయారు కావాలి. ప్రతిసారీ అదే చోట ఆగుతుంటే టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల మీద అతికించే బొమ్మలు) ఒక మెట్టు దించి చూడాలి. తగ్గిందంటే కార్డులోని వీడియో మెమరీ చాలడం లేదు. 4 జీబీ కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు. కార్డులో పట్టనిది మామూలు ర్యామ్‌లోకి పోయి రావాలి, ఆ రాకపోకలకే టైమంతా పోతుంది.

ఒక్కసారి ఒక్కటే మార్చాలి. పిల్లలు వీడియోలు చూసి పది సెట్టింగులు ఒకేసారి మార్చేస్తారు, విండోస్‌ను వేగం చేస్తామనే ఏవేవో ప్రోగ్రాములు ఎక్కిస్తారు. అప్పుడు ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, నాన్న అప్పుచేసి కొనిచ్చిన మిషన్ అది.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం నాయనా. మూడు మాటలు వేరు చేయడం బాగుంది. ఒక్క మాట మాత్రం మార్చమంటాను. నత్తి మనుషుల ఇబ్బంది. తరగతిలో నత్తి ఉన్న పిల్లలను మిగతావాళ్ళు ఏడిపిస్తే వాళ్ళు ఎంత కుంగిపోయేవాళ్ళో చూశాను. మిషన్‌కు "తడబాటు" అందాం. మీరే ఒకచోట "తడబడిన చోటికే" అని రాశారు చూడండి. వైద్యురాలమ్మా, సంప్రాప్తి గేమ్‌కు కుదురుతుందా?

జవాబు (వైద్యురాలు)

కుదరాలమ్మా. కారణం లోపలికి చేరాక ఏది దేన్ని చెడగొడుతూ పోయిందో వరసగా చెప్పడమే సంప్రాప్తి. అది తెలిస్తే ఏ మెట్టు దగ్గర అడ్డుకోవాలో తెలుస్తుంది.

జవాబు (బైరాగిపట్టెడ)

తడబాటు చాలా బాగుందమ్మా, ఇకనుంచి అదే అంటాను.

సంప్రాప్తికి మన తిరుపతి ఎండాకాలమే ఉదాహరణ. మధ్యాహ్నం గది వేడిగా ఉంటుంది, ల్యాప్‌టాప్ పరుపు మీద ఉంటుంది, కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. లోపల దుమ్ము కూడా ఉంటే ఇంకా కష్టం. ముందు ఫ్యాను గోల పెరుగుతుంది, అదే పూర్వరూపం. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి. అందుకే మొదటి పది నిమిషాలు బాగా ఆడి తర్వాత నిదానమైతే నేను ముందు వేడినే అనుమానిస్తాను. మొదటి నిమిషం నుంచే నిదానమైతే ఛార్జర్ చూస్తాను. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకు పూర్తి కరెంటు అందదు. ఆ తర్వాత గేమ్ అసలు కార్డు మీద నడుస్తోందా, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందా అని టాస్క్ మేనేజర్‌లో చూస్తాను. ఈ రెండింటికీ ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మీ మనవణ్ణి కొత్తది కొనకముందు ఈ మూడూ చూసుకోమనండి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, ఛార్జర్ తగిలించి, ఆట మొదలుపెట్టినప్పుడు ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి ఫ్రేములూ వేడీ రాసుకోమనండి. ఆ రెండు వరసలు ఇక్కడ పెడితే మిగతాది నేను చెబుతాను.