అమెరికా ఏజెంటు దగ్గర క్రూజ్ బుక్ చేస్తే నిజంగా మిగులుతుందా? (చెన్నై నుంచి)

వేళచ్చేరి వాసి
అందరికీ నమస్తే. నాన్నగారి షష్టిపూర్తి అయిపోయింది, ఇక అమ్మానాన్నలతో కలిసి నలుగురం సింగపూర్‌లో ఓడ ఎక్కుదామని ప్లాన్. పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి సింగపూర్. నాలుగు రాత్రులు, రెండు బాల్కనీ గదులు. టీనగర్‌లో ఒక ఏజెంటు 3,20,000 చెప్పారు, జీఎస్టీ, టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) అదనం. అదే ఓడ, అదే తేదీకి అమెరికాలో ఒక ఆన్‌లైన్ ఏజెంటు 3,300 డాలర్లు అంటున్నాడు. పైగా ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి 150 డాలర్ల క్రెడిట్ ఇస్తాడట. డాలరు 90 చొప్పున వేసుకుంటే మూడు లక్షల లోపే. ఇంత తేడా ఎలా వస్తోంది? డబ్బు కార్డు మీద కట్టాలా, బ్యాంకు నుంచి పంపాలా? ఇలా బుక్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సర్జాపూర్ రోడ్డు
క్రెడిట్ నిజమేనండి, మోసం కాదు. క్రూజ్ కంపెనీ ఏజెంటుకు కమిషన్ ఇస్తుంది. అక్కడ ఏజెంట్ల మధ్య పోటీ ఎక్కువ. టికెట్ ధర బాహాటంగా తగ్గిస్తే కంపెనీ ఊరుకోదు కాబట్టి, తమ కమిషన్‌లో కొంత ఇలా ఓడ క్రెడిట్ రూపంలో వదులుకుంటారు. అయితే అది సాధారణంగా నగదుగా చేతికి రాదు. చివరి రోజుకి మిగిలిందంటే పోయినట్టే.

ఇంకొకటి అడగండి: 3,300లో గ్రాట్యుటీ ఉందా లేదా? అంటే ఓడలో సిబ్బందికి రోజువారీగా మన ఖాతాలో వేసే టిప్. పెద్ద కంపెనీల్లో తలకు రోజుకు సుమారు 18 డాలర్లు ఉంటోంది. నలుగురికి నాలుగు రాత్రులంటే 288. మీ 150 క్రెడిట్ అక్కడే హారతి కర్పూరం, ఇంకా మీరే ఎదురు కట్టాలి.

పైసాపైసా
కార్డు లెక్క నేను చెబుతా. చాలా కార్డులకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు అదనంగా వేసే చార్జీ) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13. మీ 2,97,000 మీద ఇంచుమించు 12,270 రూపాయలు. అంటే 3,09,000 పైచిలుకు. టీనగర్ ఆయనది 5 శాతం జీఎస్టీ కలిపితే 3,36,000. ఇంకా 26 వేలు మిగులుతున్నట్టే. మార్కప్ 2 శాతం ఉన్న కార్డులున్నాయి, అసలు లేనివీ ఉన్నాయి. అలాంటిది ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందేమో వెతకండి.

కట్టేటప్పుడు స్క్రీన్ మీద "రూపాయల్లో కడతారా, డాలర్లలోనా" అని అడిగితే కళ్లు మూసుకుని డాలర్లు నొక్కండి. రూపాయలంటే రేటు వాళ్లిష్టం, అందులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. అంతకుముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ కూడా పెంచుకోండి.

రద్దు చేస్తే మాత్రం వాపసు ఆ రోజు రేటుకే వస్తుంది. మార్కప్ తిరిగి ఇవ్వరు. ఈలోగా డాలరు పడిపోయిందనుకోండి, అటూ నష్టం, ఇటూ నష్టం.

పెరంబూర్ అత్తయ్య
మేము బ్యాంకు నుంచే పంపించాం నాయనా. మా వారికి కార్డంటే పడదు. బ్రాంచికి వెళ్తే ఎ2 ఫారం ఇచ్చారు, పాన్ అడిగారు, ఏజెంటు ఇన్వాయిస్ అడిగారు. ఎల్ఆర్ఎస్ అని విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం ఉందట, దాని కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చట. మనకంత సీను లేదులే.

తంటా అంతా చార్జీల దగ్గరే. ఫారంలో చార్జీలు ఎవరు భరించాలి అని చిన్న గడి ఒకటి ఉంటుంది. కౌంటర్లో అమ్మాయి అడక్కుండానే "ఇద్దరూ పంచుకోవాలి" అన్నదానికి టిక్ పెట్టేసింది. దారిలో ఏదో మధ్యవర్తి బ్యాంకు పాతిక డాలర్లు కోసేసుకుంది. ఏజెంటుకు చేరింది పాతిక తక్కువ. వాళ్ల కంప్యూటర్లో "బకాయి ఉంది" అని చూపిస్తుంటే గది ఖాయం కాలేదని మెయిల్ మీద మెయిల్. ఆ పాతిక పంపాలంటే మళ్లీ అంత చార్జీ! చివరికి డెట్రాయిట్‌లో ఉన్న మా మేనకోడలు తన కార్డు మీద కట్టింది. మీరు వెళ్తే చార్జీలన్నీ పంపేవాళ్లవే అని రాయించండి, దగ్గరుండి చూసుకోండి.

బావమరిది ఉన్నాడుగా
అత్తయ్యగారు చివర్లో చెప్పిందే అసలు చిట్కా. అమెరికాలో ఎవరో ఒకరు లేని తెలుగిల్లు ఉందా? మొత్తం బావమరిది కార్డు మీద కట్టించేసి, ఇక్కడ అతని ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఐ ఖాతా) రూపాయలు వేసేస్తే మార్కప్పూ లేదు, టీసీఎస్సూ లేదు.

లెక్కల మాస్టారు
ఆ సలహా పాటించకండి. మన రూపాయలు ఎన్ఆర్ఈ ఖాతాలో వేయకూడదు. దగ్గరి బంధువుకు గిఫ్ట్‌గా ఇవ్వాలంటే ఎన్ఆర్ఓ ఖాతాలోకే (ఎన్ఆర్ఐలు ఇండియాలో వచ్చే డబ్బు దాచుకునేది), అదీ ఎల్ఆర్ఎస్ పరిమితిలోకే వస్తుంది. పాతిక డాలర్లు మేనకోడలు కట్టడం వేరు, మూడు లక్షలు ఇలా తిప్పడం వేరు.

టీసీఎస్ గురించి అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. టూర్ ప్యాకేజీ మీద ఇదివరకు 10 లక్షల దాకా 5 శాతం, దాటితే 20 ఉండేది. 2026 బడ్జెట్‌లో మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతం చేశారు, ఆ ఏప్రిల్ నుంచే అమలు. విదేశీ ఏజెంటు మన ప్రభుత్వానికి టీసీఎస్ కట్టడు కాబట్టి, డబ్బు పంపే బ్యాంకే ప్యాకేజీ కింద పట్టుకుంటుంది. క్రెడిట్ కార్డు ఖర్చుల్ని ఎల్ఆర్ఎస్‌లోకి తెస్తామని 2023లో అన్నారు, జూన్ 28న వాయిదా వేశారు. అందుకే కార్డు మీద కడితే పట్టుకోవడం లేదు.

పట్టుకున్నా అది పన్ను జమే, రిటర్న్‌లో తిరిగి వస్తుంది. జీతగాళ్లయితే ఆఫీసులో చెప్పి నెలనెలా కోసే టీడీఎస్‌లో సర్దించుకోవచ్చు, 2024 అక్టోబరు నుంచి ఆ వెసులుబాటు ఉంది. కాకపోతే ఎవరి పాన్ మీద కడితే వాళ్లకే జమ. రిటైరైన నాన్నగారి ఖాతా నుంచి పంపితే, ఆయనకు పన్నే పడకపోయినా ఈ వాపసు కోసం రిటర్న్ వేయాల్సిందే.

కోడంబాక్కం కుర్రాడు
ఇంత తలనొప్పి ఎందుకు బ్రో? కార్డేలియా క్రూజ్ ఓడ 2022లో మన చెన్నై రేవు నుంచి కూడా మొదలైంది కదా. వైజాగ్, పుదుచ్చేరి ట్రిప్పులు కూడా వేశారు. బుకింగ్ అంతా రూపాయల్లో.

వేళచ్చేరి వాసి
అది ఏడాది పొడవునా ఇక్కడ ఉండదు తమ్ముడూ, సీజన్ చూసుకోవాలి. పైగా అమ్మకు సింగపూర్ చూడాలని ఉంది.

హెబ్బాళ
డబ్బు సంగతి అందరూ చెప్పారు. నా అనుభవం వేరు. మా అక్కావాళ్లు సియాటిల్‌లో ఉంటారు. అమ్మానాన్న అక్కడికి వెళ్లినప్పుడు అలాస్కా క్రూజ్ అని అక్కడి ఏజెంటు దగ్గర బుక్ చేశాం. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగడం, అమెరికా వీసా ఉంది, ఇంకేం కావాలి? ఏజెంటూ అదే అన్నాడు. తీరా చూస్తే దారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించుకుని మళ్లీ అక్కడే దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తగలాలట, 1886 నాటి చట్టం. మన పాస్‌పోర్టుకు కెనడా వీసా తప్పనిసరి. అది సమయానికి చేతికి రాక ఇద్దరి టికెట్లూ రద్దు. పన్నులు, పోర్టు చార్జీలు మాత్రం వెనక్కి వచ్చాయి. ఆ ఏజెంటు రోజూ చూసేది అమెరికా పాస్‌పోర్టులే, మన వీసాలు వాడికేం పట్టాయి?

మీకైతే ఓడ దిగి మళ్లీ సింగపూర్‌లో అడుగుపెట్టాలి కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూడండి. అమెరికా ఏజెంటు అంటగట్టే ఇన్సూరెన్స్ వద్దనండి, చాలావరకు అమెరికాలో నివాసం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ఇక్కడే తీసుకోండి. పుట్టిన తేదీలు ఒకటికి రెండుసార్లు సరిచూడండి. వాళ్లు తేదీలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. నాన్నగారు జులై 4న పుడితే ఏప్రిల్ 7 అయిపోతుంది.

సర్జాపూర్ రోడ్డు
ఏజెంటు అసలువాడో కాదో తేల్చుకోవాలంటే: డిపాజిట్ కట్టగానే క్రూజ్ కంపెనీ బుకింగ్ నంబరు అడగండి, ఏజెంటు సొంత నంబరు కాదు. దాన్ని కంపెనీ వెబ్‌సైట్లో కొడితే మీ పేర్లు, గది, ఎంత కట్టారో కనిపించాలి. ఒకటి రెండు రోజుల్లో కనిపించకపోతే కార్డు బ్యాంకుకు డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు) పెట్టండి. కార్డు మీదే కట్టమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే, బ్యాంకు నుంచి పంపేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఫోన్‌లో కార్డు నంబరు చదివి చెప్పమంటే ఒప్పుకోకండి, ఓటీపీ లేకుండానే కోసేస్తారు. ఇక "మాకు కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్ ఉంది, పరిహార నిధి ఉంది" అంటారు. ఆ నిధి కొనేటప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకే. వేళచ్చేరిలో కూర్చుని కొన్నవాళ్లకు కాదు.

వేళచ్చేరి వాసి
అందరికీ థాంక్సండీ. ఏజెంటుకు మెయిల్ పెట్టాను. గ్రాట్యుటీ విడిగానట. ఇంకో సంగతి కూడా బయటపడింది: 3,300 అమెరికాలో ఉండేవాళ్ల రేటు, ఇండియా చిరునామా ఇస్తే 3,410 అవుతుందన్నాడు. కొలీగ్ దగ్గర 2 శాతం మార్కప్ కార్డు ఉంది. దాంతో కడితే జీఎస్టీతో కలిపి 3,14,000 పైన. టీనగర్ ఆయనకు ఈ లెక్క చూపిస్తే 8 వేలు తగ్గించి, అంతా కలిపి 3,28,000కి ఇస్తానంటున్నాడు. వీసా పని కూడా ఆయనే చూస్తాడట.

పెరంబూర్ అత్తయ్య
వీసా ఫీజు అందులోనేనా, విడిగానా? అది రాయించుకుని అప్పుడు అడ్వాన్సు ఇవ్వు.