సింక్ నొక్కినా తీన్మార్ పాటల బీటు జారిపోతోంది, ఏం చేయాలి?

ల్యాప్‌టాప్‌కు రెండు డెక్కుల డీజే కంట్రోలర్ కలిపి, రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే సింక్ బటన్ వాడుతున్నాను. సమానంగా తాళం కొట్టే మెట్రోనోమ్‌కు వాయించిన పాటలు చక్కగా కలుస్తున్నాయి. డప్పులు నేరుగా వాయించి రికార్డు చేసిన తీన్మార్ పాటలతోనే ఇబ్బంది. మొదటి 30 సెకన్లు బాగుంటుంది. నిమిషం దాటేసరికి కిక్కు (బేస్ డ్రమ్ము మోత), డప్పు దెబ్బ విడిపోయి గుర్రపు డెక్కల్లా వినిపిస్తాయి.

మధ్యలో వచ్చే చిటపటలు ధ్వనిని కాసేపు దాచుకునే బఫర్‌ను 128 నుంచి 512 శాంపిళ్లకు పెంచాక పోయాయి. బీటు జారడం మాత్రం ఆగలేదు. పాటను మళ్లీ విశ్లేషింపజేశాను, బీపీఎం (నిమిషానికి బీట్లు) పరిధి మార్చాను, మొదటి దెబ్బ మీద గ్రిడ్ (బీట్ల స్థానాలను చూపే గీతలు) గుర్తు చేత్తో పెట్టాను. వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తే గ్రిడ్ గీతలు సమానంగానే ఉన్నాయి, డప్పే చరణం దగ్గర వేగం పుంజుకుంటోంది. ఆ ఊపే పాటకు ప్రాణం. దాన్ని చదును చేయడం నాకు ఇష్టం లేదు.

ఇలాంటి పాటకు కొన్ని బార్లకు (తాళం ఆవర్తనాలకు) ఒకసారి కొత్త గ్రిడ్ గుర్తు పెట్టుకుంటూ పోవాలా, లేక సింక్ తీసేసి పాట వేగం మార్చే పిచ్ ఫేడర్‌తో చెవిని నమ్ముకుని కలపడమే మేలా?