8 జీబీ ర్యామ్‌లో ఫ్రీ 300 ఎంబీ కూడా లేదు, ఏం చేయాలి?

అన్నా తెలిసినవాళ్లు చెప్పండి. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్నా, 8 జీబీ ర్యామ్. పొద్దున బాగానే ఉంటది, సాయంత్రం టెర్మినల్‌లో ఫ్రీ కమాండ్ కొడితే ఫ్రీ కాలమ్‌లో 300 ఎంబీ కూడా ఉండట్లేదు, నేను తెరిచింది బ్రౌజరూ ఒక ఎడిటరూ అంతే. ఏదో వీడియోలో డ్రాప్ క్యాషెస్ (ర్యామ్‌లో దాచిన ఫైళ్లని ఖాళీ చేయించేది) అని చెప్తే గంటకోసారి నడిచేట్టు క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లని దానంతటదే నడిపేది) పెట్టేశా, ఇంకా స్లో అయినట్టుంది.

>> ముందు ఆ క్రాన్ పీకెయ్ తమ్ముడూ. చూడాల్సింది ఫ్రీ కాదు, చివర్న ఉండే అవైలబుల్ కాలమ్. డిస్క్ నుంచి చదివిన ఫైళ్లని కెర్నల్ (లైనక్స్‌లో మెమరీ, డిస్క్ లాంటివి చూసుకునే అసలు భాగం) మిగిలిన ర్యామ్‌లోనే అట్టిపెడుతుంది, మళ్లీ అవే అడిగితే డిస్క్ దాకా పోకుండా ఇవ్వొచ్చని, దాన్నే పేజ్ క్యాష్ అంటారు. ఏదైనా ప్రోగ్రామ్‌కి మెమరీ కావాల్సొస్తే అందులో మార్పుల్లేని పేజీల్ని (మామూలుగా ఒక్కోటి 4 కేబీ) అక్కడికక్కడే వదిలేసి ఇచ్చేస్తుంది, మార్పులున్నవైతే ముందు డిస్క్‌లో రాసి తర్వాత వదుల్తుంది. నువ్వేమో గంటకోసారి అదంతా పారబోయిస్తున్నావ్, అన్నీ మళ్లీ చదువుకోవాలి, స్లో కాక ఏమవుద్ది! ఫ్రీ చూసి అందరూ ఇలాగే కంగారుపడుతుంటేనే 2014లో 3.14 కెర్నల్‌లో ఈ అవైలబుల్ లెక్క పెట్టారు.

క్రాన్ తీసేశా అన్నా. అవైలబుల్ 3 జీబీ పైనే ఉంది. కానీ ట్యాబులు బాగా ఎక్కువైతే మౌస్ కూడా కదలట్లా, ఒక్కోసారి బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతోంది, ఇదేంటి మరి?

>> అది వేరే సంగతి, అప్పుడు నిజంగానే ర్యామ్ చాలట్లేదు. ఇరుక్కున్న టైమ్‌లో టెర్మినల్‌లో వీఎమ్‌స్టాట్ 1 (సెకనుకోసారి మెమరీ లెక్క చూపించే కమాండ్) నడుపు, ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లలో పెద్ద నంబర్లు ఆగకుండా వస్తుంటే స్వాప్‌కీ (ర్యామ్ చాలనప్పుడు పేజీలు పెట్టుకునే డిస్క్ చోటు) ర్యామ్‌కీ మధ్య పేజీలు తిప్పడంతోనే సరిపోతోందన్నమాట. బ్రౌజర్ పోయిందంటే ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ పూర్తిగా అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని ఆపేసే కెర్నల్ ఏర్పాటు) లేపేసుంటది, ఎక్కువ మెమరీ తినేవాడి మీదే దాని కన్ను, కెర్నల్ లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని వెతికితే దొరుకుతుంది.

>>> స్వాప్ మొత్తం ఆఫ్ చేసేయ్ బ్రో, నేనదే చేశా.

>> వద్దు. స్వాప్ లేకపోతే వాడని పేజీల్ని కూడా పక్కన పెట్టడానికి చోటుండదు, బ్రౌజర్ ఇంకా తొందరగా చస్తుంది. జీర్యామ్ పెట్టుకో, పేజీల్ని కంప్రెస్ చేసి ర్యామ్‌లోనే దాస్తుంది, డిస్క్ జోలికి పోదు, ప్రాసెసర్ మీద కొంచెం పని పడుతుంది అంతే. ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో కూడా చూడు, ఉంటే ఈ తంటాలేవీ అక్కర్లేదు.