75 శాతం తగ్గింపు ఇచ్చాక పూర్తి ధరకు అమ్మకాలు ఆగిపోయాయి: అసలు ధరనే దించాలా?

నేనొక్కడినే తయారుచేసిన పజిల్ గేమ్‌ను 2023 మార్చి నుంచి, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 480 రూపాయలకు అమ్ముతున్నాను. మొదటి ఏడాది 20 శాతానికి మించి తగ్గించలేదు. నెలకు దాదాపు 30 కాపీలు పూర్తి ధరకే పోయేవి. 2024 వేసవి సేల్‌లో, తొందరపాటే అనుకోండి, 75 శాతం తగ్గించి 120 రూపాయలకు ఇవ్వగా రెండు వారాల్లో 640 కాపీలు అమ్ముడయ్యాయి గానీ, ఆ తర్వాత పూర్తి ధరకు నెలకు నాలుగైదుకు మించి కదలడం లేదు. పైగా సేల్ వచ్చేదాకా ఆగమని సమీక్షల్లోనే కొందరు సలహా ఇస్తున్నారు.

ఐదు నెలలు ఏ తగ్గింపూ ఇవ్వకుండా చూశాను. కొత్తగా 30 లెవెల్స్ ఉచితంగా చేర్చినా మార్పు రాలేదు. తర్వాత 40 శాతం తగ్గిస్తే, గేమ్‌ను విష్‌లిస్టులో (తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో) పెట్టుకున్నవారికి స్టీమ్ నుంచి మెయిల్ వెళ్లినప్పటికీ (20 శాతం, ఆపైన తగ్గిస్తేనే అది వెళుతుంది), కొన్నవారు 22 మందే. పాత ధరలన్నీ, స్టీమ్ గేమ్‌ల ధరల చరిత్రను చూపే స్టీమ్‌డీబీ సైట్‌లో ఎవరికైనా కనిపిస్తాయి కనుక ఆ 120ని మరిపించే దారి నాకు తోచడం లేదు.

ఇలాంటి స్థితిని దాటిన డెవలపర్లు చెప్పగలరు: అసలు ధరను శాశ్వతంగా 250కి దించి ఇకపై తగ్గింపును 30 శాతానికి పరిమితం చేయడం మేలా, లేక 480నే నిలబెట్టి మరో ఏడాది ఓపిక పట్టడం మేలా?