అకలేషియాకు పోయెమ్ చేయించుకున్నవారి అనుభవాలు కావాలి

మింగుడుపడనివాడు: అన్నవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్షలో నాకు రెండవ రకం అకలేషియా (అన్నవాహిక కింది కండరం సడలక ఆహారం కిందికి దిగని జబ్బు) ఉన్నట్లు తేలింది. మంచినీళ్లు కూడా ఛాతీలో నిలిచిపోతున్నాయి. ఆ బిగుసుకున్న చోటును బెలూన్‌తో వెడల్పు చేయడం, పోయెమ్ (నోటి ద్వారా ఎండోస్కోప్ అనే కెమెరా గొట్టం పంపి ఆ కండరాన్ని కోయడం) అనే రెండు మార్గాలను వైద్యులు సూచించారు. మత్తు ఎలా ఇస్తారో, తరువాత ఆమ్లం ఎగదన్ని వచ్చే మంట ఏ మేరకు ఉంటుందో చేయించుకున్నవారు తెలుపగలరు.

పాతకాపు: బెలూన్ జోలికి వెళ్లకండి. నాకు అది కొంతకాలం పనిచేసి, మళ్లీ మొదటికే వచ్చింది. పోయెమ్ తరువాతనే కడుపునిండా తినగలుగుతున్నాను. ఒంటిపై గాటు కూడా లేదు కనుక ఇది అసలు ఆపరేషనే కాదు.

సూటిమాట: ఆపరేషన్ కాదని ఎలా అంటారు? అన్నవాహిక లోపలి పొరను చీల్చి, దాని కిందుగా సొరంగం చేసుకుంటూ జీర్ణాశయం మొదటి వరకు వెళ్లి, బిగుసుకున్న కండరాన్ని కోసి, చీల్చిన చోటును క్లిప్పులతో మూస్తారు. పైకి కనిపించనంత మాత్రాన కోత కాకుండా పోతుందా?

పాతకాపు: నేను అనుభవం చెప్పాను, మీరు పాఠం చెబుతున్నారు.

స్కోప్‌గది: ఎండోస్కోపీ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాడిని కనుక ఈ విషయంలో నా మాటకు కొంత విలువ ఉంటుందనుకుంటాను. 2008లో జపానులో ఇనోవే అనే వైద్యుడు తొలిసారి రోగికి చేసిన ఈ చికిత్సకు పేరేదైనా పెట్టుకోండి, తేల్చుకోవలసింది మంట సంగతి. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో రెండేళ్ల తరువాత పోయెమ్ 92 శాతం మందికి, బెలూన్ 54 శాతం మందికి ఫలితమిచ్చింది. కానీ ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక ఒరిసిపోయినవారు పోయెమ్ వర్గంలో 41 శాతం, బెలూన్ వర్గంలో 7 శాతం.

పాతకాపు: నాకు మంటే లేదు. ఆ శాతాలు మీ దగ్గరే ఉంచుకోండి.

సూటిమాట: మంట తెలియకపోవడం వేరు, పుండు లేకపోవడం వేరు. మళ్లీ స్కోప్ వేయించి చూసుకున్నారా?

రాళ్లబాధ: మంటకే ఇంత గొడవా! పిత్తనాళంలో రాయి కోసం ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేయించుకుంటే నాకు పాంక్రియాస్ (క్లోమం) వాచి, రాయి నొప్పే నయమనిపించింది. మలద్వారంలో ఇండోమెథాసిన్ అనే వాపు తగ్గించే మందు పెడితే ఆ ముప్పు తగ్గుతుందని ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను.

సూటిమాట: అది వేరే నాళం, వేరే చికిత్స. దయచేసి మరో చర్చ మొదలుపెట్టండి.

రాళ్లబాధ: గాటు పడని చికిత్సలన్నీ తేలికేనన్న భ్రమ గురించే కదా మీరూ వాదిస్తున్నది?

మింగుడుపడనివాడు: మత్తు గురించి అడిగాను, ఎవరూ చెప్పలేదు.

స్కోప్‌గది: పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం వేస్తారు. అన్నవాహికలో నిలిచిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఈ జాగ్రత్త అవసరం. అందుకే ముందుగా ద్రవాహారానికి మారమంటారు, మీ వైద్యులు చెప్పిన గడువును తగ్గించకండి. ఇక పాతకాపు గారూ, స్కోప్ మాటకు జవాబివ్వలేదు.